ఏడు చింతల నీడలో ఆరిన కుండలు

ముందు మీరు చెప్పండి, ఇందాక బడి నుంచి వస్తూ మైదానం పక్కన ఏం చూశారు? చెప్పందే కథ లేదు. చెట్లకు ఎర్రరంగు గీతలా? కొట్టెయ్యడానికి పెట్టే గుర్తులవి. ఎన్నింటికి? లెక్కపెట్టలేదూ. సరే, దుప్పటి కప్పుకుని ఇటు జరగండి. మీరు ఊ కొట్టడం మానితే నేనూ మానేస్తాను.

అనగనగా ఒక మెట్ట మీద ఒక ఊరు. ఊరంతా కుమ్మరులే. ఊరి ముందు పెద్ద బయలు, అందులో తొమ్మిది చింతచెట్లు.

ఆ ఊరికి నాంచారి అనే పిల్ల కోడలిగా వచ్చింది. వచ్చిన రోజున ఎవరూ తెలీదు, ఏడుపొక్కటే తెలుసు. అత్త గవరమ్మ బుజ్జగించలేదు, కసరలేదు. చెయ్యిపట్టి తీసుకెళ్ళి ఓ చెట్టుకింద కూర్చోబెట్టి, గుప్పెడు మట్టి చేతిలో పెట్టిందట. అది పిసుకుతూ పిసుకుతూ పిల్ల ఏడుపు మరిచిపోయింది. తర్వాత తనకు ఆడపిల్ల పుడితే ఉయ్యాల కట్టిందీ ఆ చెట్టు కొమ్మకే.

పచ్చికుండ చంటిబిడ్డ లాంటిదర్రా. కుమ్మరి సారె మీంచి దించీ దించగానే ఎండలో పెడితే బీటలు వారుతుంది. నీడలో మెల్లగా ఆరాలి, ఆ తర్వాతే ఆవంలో పెట్టి కాల్చాలి. అందుకని చెట్టుంటే నీడ, నీడుంటే కుండ, కుండుంటే కూడు, కూడుంటే ఊరు. ఊ కొడుతున్నారా?

ఇలా ఉండగా ఆ రాజ్యపు రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. రెండు నెలల్లో మగపెళ్ళివారికి విడిది మేడ లేవాలి. రాజు కోటమీంచి చూసి, ఆ బయలు ఖాళీగా ఉంది కదా అన్నాడు. పొద్దస్తమానం ఊరంతా పనిచేసుకునే చోటు, పైనుంచి చూసేవాడికి ఖాళీగానే కనిపిస్తుంది మరి. రాజు మంత్రికి చెప్పాడు, మంత్రి మేస్త్రీకి చెప్పాడు, మేస్త్రీ కూలీలకు చెప్పాడు, కూలీలు గొడ్డళ్ళకు చెప్పారు. ఊరికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఊరంతా వెళ్ళి అడ్డం నిలబడ్డారు. మేస్త్రీ నవ్వాడు. నీడే కదా, తలా ఒక తాటాకు గొడుగు ఇప్పిస్తాలే, కుండకొకరు పట్టుకుని కూర్చోండి అన్నాడు. మొదటిరోజే రెండు చెట్లు పడ్డాయి. రెండోది నాంచారి చెట్టు. ఉయ్యాల విప్పుకునేదాకా ఆగారు, అదే వాళ్ళు చేసిన దయ.

ఆ సాయంత్రమే కోట నుంచి ఇంకో కబురు. పెళ్ళికి ఐరేని కుండలు కావాలి. అంటే పెళ్ళిలో పూజకు పెట్టే రంగుల కుండలన్నమాట. అవి కుమ్మరింటి నుంచే రావాలి, పెళ్ళికూతురి తల్లి మేళాలతో స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలి, రాణి అయినా సరే. అలా తీసుకెళ్ళడానికి పదిహేనో రోజుకు ముహూర్తం పెట్టారు. రాణి వచ్చే దారిలో దుంగలు పడి ఉండకూడదని అందాకా గొడ్డళ్ళు ఆపారు.

మామ చస్తే చెయ్యనన్నాడు. నాంచారి చేద్దామంది.

ఒకే మట్టి, ఒకే చెయ్యి, రెండు జతలు చేసింది. ఒక జత మిగిలిన చెట్లకింద పెట్టింది. రెండో జత నరికిన మొద్దు పక్కన పెట్టింది. గవరమ్మ చూసి గుండె బాదుకుంది.

"పెళ్ళి కుండలు ఎండలో పెట్టావేమే, మతి పోయిందా?"

"ఎప్పుడూ పెట్టే చోటే పెట్టానత్తా. ఎండని తెచ్చింది నేను కాదు."

అత్త వచ్చి పక్కన కూర్చుంది.

ముహూర్తం రోజున పిపీ డుండుం అంటూ రాణి వచ్చింది. నాంచారి ఆవంలో కాల్చిన రెండు జతలూ ముందు పెట్టి, నీళ్ళు పోసి చూసుకోండమ్మా అంది. మొదటి జతలో నీళ్ళు నిలిచాయి. రెండో జతలో పోస్తే సన్నటి బీటల్లోంచి కారి రాణి పాదాల మీద పడ్డాయి. రాణి మొహం మాడిపోయింది. నా కూతురి పెళ్ళికి కారే కుండలా అంది.

నాంచారి బిడ్డను గట్టిగా పట్టుకుని చెప్పింది.

"అది మీవాళ్ళు నరికిన చోట ఆరిందమ్మా. ఇది నరకని చోట ఆరింది. చెయ్యి నాదే. మీ బిడ్డకు మంచి జతే ఇస్తాను. నా బిడ్డకు పెళ్ళీడొచ్చేసరికి ఎక్కడ ఆరబెట్టమంటారు?"

రాణి చెట్టుకింద చతికిలబడి, ఆ పసిదాన్ని చాలాసేపు చూసింది. తర్వాత రాజుకు కబురంపింది, గొడ్డళ్ళు వెళ్తేనే కుండలు వస్తాయని. రాజు పరుగున వచ్చి, కుండలకు గుడారం వేయిస్తానన్నాడు. ముందు మీరు దాని కింద ఒక్క మధ్యాహ్నం కూర్చోండి అంది రాణి. కూర్చున్నాడు. నాలుగు చెంబుల చెమట కార్చి, మధ్యలోనే బయటికొచ్చి, గొడ్డళ్ళు పట్టుకుపొమ్మన్నాడు.

మేడ లేదు, గీడ లేదు. ఏడు చెట్లకింద పందిరి వేసి మగపెళ్ళివారిని దింపారు. పెళ్ళికొడుకు తండ్రి ఆ నీడలో ఎంత హాయిగా నిద్రపోయాడంటే, ముహూర్తానికి ఇద్దరు పట్టి లేపాల్సొచ్చింది. నాంచారి రోజూ తన మొద్దుకు చెంబెడు నీళ్ళు పోసింది. వానలు పడగానే దానికి చిగురొచ్చింది.

ఖాళీ అనేముందు కిందికి దిగి చూడాలి, అంతే నాన్నా. కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం.

ఉండండి, ఒక్కటి చెప్పి పడుకోండి. ఊరంతా మొత్తుకుంటే ఎవరూ వినలేదు, తన కాళ్ళు తడిసాక రాణి విన్నది. ఆ కుండలే కోటలో పెళ్ళివి కాకపోయుంటే, ఆ ఏడు చెట్లనూ ఎవరు నిలబెట్టేవారర్రా?