తిప్పి పెట్టని రాయి

ఆ ఆదివారం నేను గెడ్డకి వెళ్ళలేదు. వెళ్ళకుండానే వెళ్ళినట్టు పుస్తకంలో రాశాను. ఐదు నెలలయింది, ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. రూతమ్మ గారి దగ్గర కూడా అనలేదు. అడగవలసిన ప్రశ్నకి మారువేషం వేసి మరో ప్రశ్నలాగా అడిగాను. ఆవిడ ఇచ్చిన జవాబు అర్థం కావాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

మా ఊరి పక్కనుంచి కొండ దిగి వచ్చే సన్నటి ఏరుని మేము గెడ్డ అంటాం. రూతమ్మ గారు కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరుగా ముప్పై ఏళ్ళు సీసాలు కడిగి రిటైరయ్యారు. పాఠం చెప్పే ఉద్యోగం కాదు ఆవిడది. తలుపు పక్కన నిలబడి విన్న పాఠాలన్నీ అలాగే ఒంటబట్టాయి. నేను ఇంటర్ తప్పి జిరాక్సు షాపులో కూచున్నదాన్ని. ఎవరెవరో కాపీలు తీయించుకోవడానికి తెచ్చిన పుస్తకాలు మిషను చప్పుడులో నిలబడి చదువుకున్నదాన్ని. అందుకేనేమో మా ఇద్దరికీ కుదిరింది.

ఆవిడ కూడగట్టిన పద్నాలుగు మందిమి ప్రతి ఆదివారం పొద్దున్నే గెడ్డలో దిగుతాం. పాల ప్యాకెట్లు, సీసాలు, చిరిగిన చీరలు, ఒకసారైతే కుట్టుమిషను కాలు, ఏది దొరికితే అది తీసి ఒడ్డున పోస్తాం. తర్వాత నీళ్ళ ఆరోగ్యం చూస్తాం. అడుగున నల్లచుక్క ఉన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్క ఎంత లోతు దాకా కనబడుతుందో రాస్తాం. ఆ పైన రాయి ఎత్తి చూస్తాం. నీళ్ళు బాగుంటే రాయి కింద, ఇసుక రేణువులు అతికించుకుని బియ్యపు గింజంత గూడు కట్టుకున్న పురుగులు ఉంటాయి. నీళ్ళు పాడయితే ముందు పోయేవి అవే. ఇద్దరిద్దరికి ఒక రాయి చొప్పున అప్పగించారు. ఒకరు ఎత్తి చూడాలి, ఒకరు రాయాలి. ఈ విషయంలో రూతమ్మ గారికి ఒకటే పట్టుదల. చూడ్డం అయ్యాక రాయిని అదే గుంటలో, అదే మొహం కిందికి ఉండేలా పెట్టి రావాలి. "ఎవరిదో ఇంటి కప్పు ఎత్తి తొంగి చూశాం. మళ్ళీ మూసి రావడం మర్యాద" అంటారు.

నాకు జత అసిరమ్మ వదిన. గెడ్డ ఒడ్డున తోటకూర, గోంగూర మళ్ళు వేసి బజార్లో అమ్ముకుంటుంది. ఆమెకి చదువు రాదు. రాయి ఆమెది, పెన్ను నాది. మా రాయికి పైన తెల్లటి చార ఉంటుంది. ఆమె దాన్ని ఎత్తేటప్పుడు "లెగమ్మా, ఒక్క చిటికెలో అయిపోద్ది" అని రాయితోనే చెప్పేది. తిరిగి పెట్టేటప్పుడు పసిపిల్ల మీద దుప్పటి సర్దినట్టు అటూ ఇటూ కదిపి సర్దేది. నేను నవ్వితే, "నువ్వు అంకెలు రాసుకో పిల్లా. మా ఇద్దరి మాటలు నీకెందుకు?" అనేది.

నాకు ఒకచోట కాలు నిలవదు. కార్తీక మాసంలో ఒక ఆదివారం గెడ్డంటే ఉన్నట్టుండి విసుగు పుట్టింది. స్నేహితురాలితో బస్సెక్కి పార్వతీపురం పోయి, కొనేది లేకపోయినా బట్టల షాపులన్నీ తిరిగి వచ్చాను. మర్నాడు పోయిన వారం అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి పుస్తకంలో దింపాను. చుక్క స్పష్టం. గూళ్ళు పదకొండు.

బుధవారం బడి వరండాలో అందరం కలిసినప్పుడు అసిరమ్మ వదిన లేచి నిలబడింది. "పైనుంచి ఏదో వస్తంది బాబూ. నీళ్ళు నురగ కట్టి సబ్బు కంపు కొడతన్నాయి. మా రాయి కింద వట్టి గూళ్ళే గాని ఒక్క పురుగు నేదు" అంది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన సన్యాసినాయుడు గారు పుస్తకం తిప్పి చూశారు. "పుస్తకంలో పదకొండు ఉన్నాయి కదమ్మా. పొద్దున్నే టీ గ్లాసులో నురగ చూసొచ్చి గెడ్డ నురగంటన్నావేటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమెకి కోపం రాలేదు. నా వైపు చెయ్యి చూపించి, "కుసుమ సెప్తాది, అడగండి" అంది.

నేను ఆ రోజు రాలేదని ఆమెకి తెలుసు. ఎండ ఎక్కేదాకా నాకోసం రాయి పక్కన కూచుందట, ఆ సంగతి తర్వాత ఎవరో అన్నారు. అయినా ఆ మాట నలుగురిలో అనలేదు. నేనే చెబుతానని నా మొహం చూస్తూ నిలబడింది. నేను పెన్ను మూత తీస్తూ, పెడుతూ, "నేను ఆలస్యంగా వెళ్ళాను. నాకు నీళ్ళు బాగానే కనబడ్డాయి" అన్నాను.

"అయితే నా కళ్ళే పోనాయేమోలే" అంది ఆమె. ఖాళీ గంప ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మరి రాలేదు. మరుసటి ఆదివారం మా రాయిని నేను ఒక్కదాన్నే ఎత్తాను. ఏం చూశానో ఏం రాశానో గుర్తులేదు. చేతిలోంచి వదిలేసి ఒడ్డుకి వచ్చేసి, నాకు వేరే రాయి ఇమ్మని అడిగాను.

నెల తిరిగేసరికి గెడ్డలో చేపలు తేలాయి. అప్పుడు అందరం కలిసి పైకి నడిచాం. లారీలు కడిగే షెడ్డు వాళ్ళు గొట్టం తెచ్చి తిన్నగా గెడ్డలోకి వదిలేశారు. వాళ్ళతో మాట్లాడి గొయ్యి తవ్వించాం, మళ్ళీ నీళ్ళు తేటపడ్డాయి. ఈలోగా అసిరమ్మ వదిన మళ్ళు రెండు మాడిపోయాయి. ఆమె ముందే చెప్పిందన్న మాట మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే, నేను నోరు విప్పలేదు.

ఈ బుధవారం మధ్యాహ్నం రూతమ్మ గారు నన్ను గెడ్డ దగ్గరికి రమ్మన్నారు. ఆవిడ కంట్లో శుక్లం ముదిరింది. సంచిలోంచి తన భూతద్దం తీశారు, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు అక్కడివాళ్ళు ఇచ్చింది. "ఇక మీదట పై గెడ్డంతా నువ్వే చూసుకోవాలి కుసుమా. నీ రాత శుభ్రంగా ఉంటుంది. అందరూ నీ పుస్తకాన్నే నమ్ముతారు" అన్నారు. భూతద్దం చాచిన చేతిలో ఉంది. నా చెయ్యి ముందుకి రాలేదు. అప్పుడు అడిగాను:

"అమ్మా, అంత పాడయిన గెడ్డ, మురికి ఆగాక దానంతటదే బాగుపడింది కదా. మనుషులు చేసిన తప్పులు కూడా కొన్నాళ్ళు వదిలేస్తే అలాగే కొట్టుకుపోవా?"

"మీ పాత రాయి ఎక్కడుందో చూపించు, నాకు సరిగ్గా ఆనదు" అన్నారు.

వంపు దగ్గరికి తీసుకెళ్ళాను. వేసవికి నీరు తగ్గి మోకాలి కిందికి వచ్చింది. చుట్టూ ఉన్న రాళ్ళు రెండు మూడు ఎత్తి చూపించాను. అన్నిటి కిందా గూళ్ళు మళ్ళీ వచ్చాయి, బుల్లి కాళ్ళు బయటపెట్టి కదులుతున్నాయి. మా రాయిని గుర్తుపట్టడానికి మాత్రం కొంచెంసేపు పట్టింది. తెల్లచార కనబడలేదు. అది తిరగబడి ఉంది. ఆ రోజు నేను వదిలేసినట్టే, కిందికి ఉండవలసిన మొహం ఆకాశం వైపు పెట్టి, నీళ్ళ పైకి తేలి ఎండిపోయి ఉంది. దాని మీద పాత గూళ్ళు నాలుగైదు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తాకితే వట్టి ఇసుకయి రాలింది.

రూతమ్మ గారు వంగి అరచేత్తో దాన్ని తడిమారు. "ఆఖరున దీన్ని ఎత్తింది ఎవరు?"

"నేనే."

"ఒక్కదానివేనా?"

తల ఊపాను. ఆవిడకి కనబడదని గుర్తొచ్చి, "ఒక్కదాన్నే" అన్నాను. గభాలున వంగి రాయిని తిప్పబోయాను. ఐదు నెలలుగా ఇసుకలో కూరుకుపోయి, ఒక పక్క లేచింది గాని తిరగలేదు. మళ్ళీ పట్టాను. గోళ్ళలోకి ఇసుక పోయింది.

"ఉండనీ" అన్నారు ఆవిడ. నేను వదిలేశాను. మా కాళ్ళ మధ్యనుంచి నీళ్ళు పోతూ ఉన్నాయి.

"నువ్వన్నది నిజమే. ఆ నీళ్ళు ఎప్పుడో పోయాయి" అన్నారు. "రాయే, పెట్టి వెళ్ళినవాళ్ళు ఎలా పెడితే అలా ఉంది."

భూతద్దాన్ని గుడ్డలో చుట్టి తిరిగి సంచిలో వేసుకున్నారు. ఒడ్డెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. ఆ చెయ్యి తీయకుండానే, "ఇది ఆదివారం ఇస్తాను. ఇద్దరూ రండి" అన్నారు. నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

ఈరోజు శనివారం. అసిరమ్మ వదిన ఇల్లు గెడ్డకి అవతలి ఒడ్డునే. ఈ మూడు రోజుల్లో మూడుసార్లు ఆమె మడి కంచె దాకా నడిచి, కొత్తగా మొలిచిన తోటకూర చూసి తిరిగి వచ్చేశాను. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టాను, ఇదే ఆమెకి ఇచ్చేద్దామని. నాలుగో పేజీలోకి వచ్చాక తట్టింది, ఆమె చదవదని. నా శుభ్రమైన రాత ఆమెకి ఎందుకూ పనికిరాదు. అప్పుడు ఆమెకి కావలసింది నా నోటి మాట. ఇప్పుడూ అంతే.

మళ్ళకి నీళ్ళు పెట్టి ఈ వేళకి ఇంటికి వచ్చి ఉంటుంది. చెప్పబోయేది ఆమెకి తెలియని సంగతేమీ కాదు. నా నోటి నుంచి ఆమె వినలేదు, అంతే. నడిచి వెళ్తే మళ్ళీ కంచె దగ్గరే ఆగిపోతాను. పెన్ను మూత పెట్టేసి ఫోన్ చేస్తాను.