అరగోరు మందం

“గురువుగారూ, కోపం తప్పంటారా?” అని నాతోపాటు దుకాణంలో పనిచేసే అసిరి అడిగాడు. అడుగుతున్నప్పుడు వాడి చేతిలో ఆ రోజు పేపరు ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా గురువు పైడాచారి గారు జవాబు చెప్పలేదు. ఆయన వీణల మీద చెక్కలో చెక్క పొదిగే పనిలో నలభై ఏళ్ళు గడిపినవారు. ఎవరేమడిగినా చేతిలో ఉన్న పనిముట్టు వంక చూసేవారు తప్ప అడిగిన మనిషి వంక చూసేవారు కాదు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనకి చెవుడనుకునేవారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని నెల రోజులు గొంతు చించుకున్నాను.

పేపర్లో ఏముందో చెప్పాలి. పట్నంలో వీణల వర్తకం చేసే కోదండపాణి అనే పెద్దమనిషి శాలువా కప్పుకుని, పక్కన ఒక వీణ పెట్టుకుని నవ్వుతున్న పాత ఫొటో ఉంది. కింద ‘కర్రకు ప్రాణం పోసిన కరములు’ అని రాశారు. ఆ కరములు ఏనాడూ ఉలి పట్టినవి కావు. కోదండపాణి, పనసచెక్కకీ మామిడిచెక్కకీ తేడా చెప్పమంటే వాసన చూసి, పండు పేరు చెప్పడానికి కూడా తడుముకునే రకం. ఆ వీణ చేసినవాడు అసిరి తండ్రి దాలయ్య. ఒకే పనస మొద్దులోంచి పదకొండు నెలలు కూర్చుని తొలిచాడు. అప్పటికే ఆయన చూపు మసకబారుతోంది. చివరి రెండు నెలలూ నాదం పలికే కుండ మీద పలకను కంటితో కాదు, వేలితో చూసి పల్చన చేశాడు. మూడు గోళ్ళ మందానికి తెచ్చి, గోటితో కొట్టి విని, “ఇంక సాలు” అని ఉలి కింద పెట్టాడు. మళ్ళీ పట్టలేదు. అది ఆయన ఆఖరి వీణ. దాన్ని పట్టుకుపోయిన కోదండపాణి, తీగలు ఆనే గుర్రానికి కింద పలక మీద ఒక నల్లచెక్క పట్టీ పొదిగించి, అందులో తెల్లటి అక్షరాలతో తన పేరు పెట్టించుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతోంది, దాచుకోవలసిన పని లేదు.

పుండు మీద కారంలాగా, ఆ వీణ కూడా అప్పటికి మా దుకాణంలోనే ఉంది. పార్వతీపురంలో పిల్లలకు సంగీతం చెప్పే వేదవతిగారు దాన్ని కొనుక్కున్నారు. తీగ నొక్కే మెట్ల కింద మైనం వదులయిందని బాగుచేయించడానికి ముందు రోజే తెచ్చారు. అసిరి వీణను చూస్తూనే గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, పదిమందిలో గొంతెత్తనివాడు, ఆవిడ ముందు అరిచి మరీ నిజమంతా చెప్పాడు. ఆవిడ పట్టీలోని పేరు మీద వేలు పెట్టి చూశారు. తర్వాత, “మూడేళ్ళ నుంచి నేను రోజూ ఆ పేరుకి దణ్ణం పెట్టుకుని తీగ మీద వేలు వేస్తున్నానండీ” అన్నారు. చీర కొంగు బిగించి దోపి, “ఆ పేరు తీసెయ్యండి. చేసినాయన పేరు పెట్టండి. పదిహేను రోజుల్లో వస్తాను. అప్పుడు ఆయన్ని కూడా ఇక్కడికి తీసుకురండి. ఆయన పేరు ఆయనే తడిమి చూసుకోవాలి” అని చెప్పి వెళ్ళారు.

ఆ మర్నాడే పేపర్లో ఫొటో పడింది, అసిరి ప్రశ్న పుట్టింది. గురువుగారు పేపరు అందుకుని ఫొటో చూశారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫొటో పైకి వచ్చేలా బల్ల మీద పరిచి, కుంపటి మీది వేడి జిగురుగిన్నె తెచ్చి దానిమీద పెట్టారు. ఆ తర్వాత పదిహేను రోజులూ మా దుకాణంలో జిగురుగిన్నె కోదండపాణి మొహం మీదే ఉంది. దించినప్పుడల్లా ఆయన అక్కడే దించేవారు.

“దేంతో తీత్తావు?” అని అడిగారు.

అసిరి విశాఖ నుంచి తెచ్చుకున్న రూటరు మిషను చూపించాడు. నిమిషానికి ముప్పైవేల చుట్లు తిరిగే సరుకు. తలుపులకీ మంచాలకీ పువ్వులు చెక్కడానికి దివ్యంగా ఉంటుంది. గురువుగారు దాన్ని ఎత్తి, గుర్రానికీ పలక అంచుకీ మధ్య ఉన్న నాలుగు వేళ్ళ చోటులో పెట్టబోయారు. దాని అడుగుపళ్ళెం సగం గాలిలో నిలబడింది.

“ఇదెక్కడ కూకుంటాది?” అన్నారు. “సిన్నది సేసుకో.”

“నేను కోపం గురించి అడిగితే మీరు రూటరు గురించి చెప్తారేటండీ? ఎలక మీద కోపంతో ఇల్లు తగలెట్టుకోవద్దంటారు, అంతేగా? సామెతలు నాకూ వచ్చు.”

“నాననేదు” అన్నారు ఆయన, గిన్నె కలుపుతూ.

చేతి రూటరంటే పెద్ద యంత్రమేమీ కాదు. అరచేతిలో పట్టే గట్టి చెక్కముక్క, దాని మధ్యలోంచి కిందికి దిగిన ఒక చిన్న వంపు ఉలి, ఉలి కదలకుండా బిగించే ఇత్తడి మర. చెక్కముక్కను గాడికి ఇటూ అటూ ఆనించి తోస్తుంటే ఉలి మొన గాడి అడుగును సమంగా గీరుతుంది. మర వదులుచేసి ఉలిని దించినంతే లోతు. చెప్పుకుంటే ఇంతే. చెయ్యబోతే తెలుస్తుంది.

అసిరి మొదటిదాన్ని ఒక్క పూటలో చేశాడు. చింతచేవ ముక్క నరికి, సైకిలు షాపులో పడేసిన ఎల్ ఆకారపు పానాను సానబట్టి ఉలి చేశాడు. గురువుగారు దాన్ని గాజుపలక మీద పెట్టి వేలితో మూల నొక్కారు. టకటకమని ఊగింది. మాట్లాడకుండా తీసుకెళ్ళి కుంపట్లో పడేశారు. అసిరి పళ్ళు కొరికిన చప్పుడు నాకు వినిపించింది. వాడి కోపం ఇప్పుడు రెండు ముక్కలయింది, ఒకటి కోదండపాణి మీద, ఒకటి ఈయన మీద. నిజానికి నాకూ వచ్చింది. తండ్రి పేరు దొంగిలించిన వాడు శాలువా కప్పుకుని తిరుగుతుంటే, కొడుకు చేసిన పనిముట్టు కుంపట్లో పడెయ్యడమేం న్యాయం?

రెండోదానికి ఆరు రోజులు పట్టింది. గాజుపలక మీద ఎర్రజాజు పల్చగా రాసి దానిమీద చెక్క అడుగు రుద్దితే, ఎత్తున్న చోటల్లా ఎరుపు అంటుకుంటుంది. ఎరుపు అంటిన చోట గీరడం, మళ్ళీ రుద్దడం. వాడి వేళ్ళన్నీ నెత్తురు అంటినట్టు ఎర్రగా ఉండేవి. ఈసారి చెక్క ఊగలేదు. గురువుగారు తిప్పి చూశారు. ఉలి మొన వేలెడు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“ఇంతెందుకురా?”

“ఆడి పేరుని వేళ్ళతో సహా పెకలించడానికండి.”

“యేళ్ళెంత లోతున్నాయో సూసినావా?”

“చూడక్కర్లేదు” అన్నాడు అసిరి.

అది కూడా కుంపట్లోకి పోయింది. ఆ రోజు మాత్రం గురువుగారు ఒక మాట ఎక్కువ మాట్లాడారు. “ఉలికి లోతు తెల్దురా. ముందుకెళ్ళడమొకటే దానికి తెలుసు. లోతు ఎరిగింది అడుగుచెక్క. అది ముట్టకూడని చోట కూకుని, ముట్టవలసిందాన్ని తీత్తాది. కూకున్న చోటు పోతే ఇంక దానికేటీ తెల్దు.” ఇంత చెప్పి, ఎక్కువ మాట్లాడినందుకు తన మీద తనకే చిరాకు వచ్చినట్టు లేచి బయటికి వెళ్ళిపోయారు.

మూడోది కుదిరింది. ఇప్పటికీ చెప్తాను, అంత ముద్దయిన పనిముట్టు నేను మళ్ళీ చూడలేదు. గాజు మీద పెడితే అతుక్కున్నట్టు కూర్చునేది. ముదురురంగు జిట్రేగి చెక్కతో పట్టీ కోసి, దాలయ్య పేరు అక్షరాలు లేతపసుపు పనసచెక్కతో అందులో అసిరే పొదిగాడు. పట్టీ సిద్ధం, పనిముట్టు సిద్ధం, వేదవతిగారు వచ్చే రోజూ వచ్చింది.

ఆ పొద్దున్న దాలయ్యను తీసుకొచ్చి మూల పీట మీద కూర్చోబెట్టాం. ఆయన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు మొహం పెట్టి, చెవి మాత్రం మావైపు పెట్టాడు. అసిరి వీణను మెత్త మీద పడుకోబెట్టి, తీగలు వదులుచేసి, కోదండపాణి పేరు మీద రూటరు ఆనించాడు. ఒకసారి తోశాడు. రెండోసారి తోశాడు. పట్టీ టప్పున లేచి నేలమీద పడింది.

అంతే. చుట్టూ లక్క నింపి కప్పెట్టిన పైపై పని అది. మనిషికి తగ్గ పనితనం. పట్టీ మందం అరగోరు కూడా లేదు.

అది అంత తేలిగ్గా రావడం అసిరికి నచ్చలేదు. పదిహేను రోజులు ఉడికిపోయినవాడికి రెండు తోపులు ఎక్కడ సరిపోతాయి? గాడి అడుగున పాత జిగురు నల్లగా మరకకట్టి ఉంది. “ఆడి మరక కూడా మిగలకూడదు” అని మర వదులుచేసి ఉలి దించాడు. గీరాడు. మరక చెక్కలోకి ఇంకింది కాబట్టి ఇంకా కనిపిస్తోంది. మళ్ళీ దించాడు.

“సాల్రా” అన్నారు గురువుగారు, గుమ్మంలోంచి.

అసిరికి వినిపించలేదు. పక్కనున్నవాణ్ణి, ఆ మాట నేను వాడికి అందించి ఉండవచ్చు. నేనేమన్నానో తెలుసా? “ఇంకా ఉందిరా, తియ్యి” అన్నాను. నాకూ ఆ మరకలో కోదండపాణి నవ్వే కనిపిస్తోంది మరి.

మరక అంచులకి పాకింది. వాడు అంచులూ తీశాడు. అంచులు పోయాక అడుగుచెక్కకి ఒకవైపు ఆనుకునే చోటు లేకపోయింది. చప్పుడు మారింది. గోడవైపు మొహం పెట్టుకున్న దాలయ్య తల ఒక్కసారి ఇటు తిరిగింది. అదే క్షణాన రూటరు పక్కకి ఒరిగి, ఉలి మొన గాడి దాటి, ముట్టకూడని పలకలోకి కసుక్కున దిగింది.

పెసరగింజంత గుంట. అయితే లోతైనది. కుండ లోపలి చీకటి కనిపించలేదు గానీ, ఇంకో వెంట్రుకవాసి దిగితే కనిపించేది.

లోతైపోయిన గాడిలో కొత్త పట్టీ మునిగిపోతుంటే గురువుగారే వచ్చి, అడుగున పల్చటి చెక్కపొర వేసి, దాలయ్య పేరు పొదిగి, అక్షరాలు వేలికి తగిలేలా మాత్రం వదిలి పైన సమం చేశారు. పేరు కుదిరింది. గుంట మాత్రం దాని పక్కన, అందరికీ కనపడేలా మిగిలింది. గుంట పూడ్చడానికి నేను లక్క కోసం చెయ్యి చాపాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఆ పట్టులో ఆయన కోపమెంతో నాకు తెలిసింది. రెండు రోజులు నొప్పి పోలేదు.

వేదవతిగారు వచ్చారు. పేరు చూసి ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. గుంటను గమనించే స్థితిలో లేరు. వీణను తనే ఎత్తి దాలయ్య ఒళ్ళో పెట్టి, ఆయన చూపుడువేలు పట్టుకుని పట్టీ మీద ఆనించి, “మీ పేరండీ. ఇక ఎవరూ తియ్యలేరు” అన్నారు.

దాలయ్య మూడో తరగతి దాకా చదువుకున్నాడు. ఆయన వేలు ‘దా’ మీద వెళ్ళింది, ‘ల’ మీద వెళ్ళింది, చివరి అక్షరం వత్తు దాకా నెమ్మదిగా వెళ్ళింది. మేమంతా ఆయన మొహం చూస్తున్నాం. ఆయన నవ్వలేదు. ఆయనకి పేరుతో పనేముంది, వేలికి కావలసింది పలక. అది పేరు దాటి చెక్క మీదికి వెళ్ళింది, తను రెండు నెలలు తడిమి తడిమి పల్చన చేసిన చోటికి. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి గుంట చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ మనిషి మొహం ఎర్రబడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. తన పేరు పోయిందని విన్ననాడు కూడా ఆయన “పోనీలెద్దూ” అన్నవాడే.

“ఇది నాను పెట్టింది కాదు” అన్నాడు దాలయ్య. “నా పలకని ఎవుడు పొడిసినాడు?”

అసిరి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “ఆ కోదండపాణి గాడి వల్లే నాన్నా. ఆడి పేరు తీత్తంటే...” అన్నాడు.

గురువుగారు వంగి, నేలమీద పొద్దుట్నుంచి పడి ఉన్న కోదండపాణి పట్టీని తీశారు. దాని మూలను ఆ గుంటలో నిలబెట్టారు. మూల దిగిన లోతు పట్టీ మందానికి ఎన్నో రెట్లు ఉంది. దాన్ని తీసి అసిరి ఎర్రటి అరచేతిలో పెట్టారు. పదిహేను రోజుల కిందట అడిగిన ప్రశ్నకి అప్పుడు, మొదటిసారి వాడి మొహంలోకి చూస్తూ, జవాబు చెప్పారు.

“ఆడి పేరు ఇంత లోతు దిగనేదురా.”