అవ్వల ఆకలి ఎందుకు చిన్నదయింది?

ఒకప్పుడు అందరి ఆకలీ ఒక్కటే. పాతికేళ్ల కుర్రాడు ఎంత తినేవాడో, తొంభై ఏళ్ల తాత కూడా అంతే తినేవాడు. తాతలు చెరుకుగడలు పరపరా నమిలేవాళ్లు. అవ్వలు వేయించిన శెనగలు పటపటా కొరికేవాళ్లు. అందరి కడుపులోనూ ఆకలి ఒకే ఎత్తున మండేది. అంతేనా, మాట్లాడేది కూడా!

ఆ రోజుల్లో ఒక కొండవాలులో గవరమ్మ అనే అవ్వ ఉండేది. ఆమె కొడుకు మేకలకు మేత వెతుక్కుంటూ దూరం వెళ్లాడు. ఇంట్లో కోడలు చుక్కమ్మ, నెల కిందట పుట్టిన మనవరాలు ఉన్నారు.

ఆ ఏడు వాన పడలేదు. చేలో జొన్న మాడిపోయింది. రోజుకు నాలుగు రొట్టెలకు సరిపడే పిండి మాత్రం మిగిలింది. అత్తకు రెండు, కోడలికి రెండు.

చుక్కమ్మకు అవి చాలలేదు. పాలు తగ్గిపోయాయి. పసిపిల్లకు ఏడ్చి ఏడ్చి గొంతు కూడా రావడం లేదు.

"నాది కూడా నువ్వే తినమ్మా" అని ఒకరోజు గవరమ్మ తన రొట్టె కోడలికి దాచింది. కానీ కడుపులో ఆకలి భగ్గుమంది. కోడలు నీళ్లకు వెళ్లి వచ్చేలోగా అవ్వ చెయ్యి ఆగలేదు. దాచిన రొట్టె తానే తినేసింది.

తిన్నాక వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆకలీ, నీకు దండం పెడతా. కాస్త తగ్గు నాయనా" అంది.

"నేను తగ్గితే నీ బలమూ తగ్గుతుంది అవ్వా" అంది ఆకలి. "పళ్లు కదులుతాయి. నా చెల్లెలు దాహం కూడా నాతోపాటు కునుకు తీస్తుంది. బాగా ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? పసిది బతకాలి. తగ్గు!"

ఆకలి దీపం వత్తి అంత అయింది. అవ్వ అర రొట్టె తిని, హాయిగా చెయ్యి కడుక్కుంది. మిగతాది చుక్కమ్మ తింది. పాలు పడ్డాయి. పసిదాని బుగ్గలు నిండాయి.

తర్వాతి ఏడాది వానలు కురిశాయి. చుక్కమ్మ సంబరంగా అత్త ముందు నాలుగు వేడి రొట్టెలు పెట్టింది. అవ్వ నమలలేకపోయింది.

"చాలమ్మా. నిండిపోయింది."

రోజూ అదే మాట. అవ్వ చిక్కిపోయింది. ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయింది.

"నా మీద కోపమా అత్తా?" చుక్కమ్మ మంచం పక్కన కూలబడి ఏడ్చింది.

చూరులో పిచ్చుక ఒకటి తన పిల్లకు మేత పెడుతోంది. అది కిందికి వంగి చూసింది.

"కోపం కాదు చుక్కమ్మా. ఆకలి చిన్నదయితే ముద్ద కూడా చిన్నదవ్వాలి. మెత్తగా చెయ్యి. కొంచెం పెట్టు, కాసేపాగి మళ్లీ పెట్టు. ఆ కొంచెంలోనే బలం ఉండేట్టు చూడు. దాహం నిద్రపోతోంది, అందుకని అడగకపోయినా నీళ్లియ్యి."

చుక్కమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. పెసరపప్పు మెత్తగా ఉడికించింది. రాగిజావలో పాలు, బెల్లం కలిపింది. అత్త తల ఒడిలో పెట్టుకుని, ఊది ఊది తాగించింది.

అవ్వ కళ్లు తెరిచింది. "బెల్లం వేశావా? ఇంకో గుటక పొయ్యమ్మా" అంది.

వారం తిరిగేసరికి లేచి కూర్చుంది. మనవరాలు తడబడుతూ నడిచొచ్చి ఆమె ఒళ్లో పడింది.

"అవ్వా, మళ్లీ పెద్దగా మండమంటావా?" అడిగింది ఆకలి.

"వద్దులే. ఎదిగేవాళ్ల కడుపులో మండు. నాకిది చాలు."

"అయితే నీ నాలుక మీద తీపిని మాత్రం చివరిదాకా కాపాడతాను" అంది ఆకలి. పిచ్చుకలు ఈ మాట ఊరూరా చెప్పాయి. లోకంలోని ఆకళ్లన్నీ విన్నాయి.

అప్పటినుంచే, వయసు పైబడేకొద్దీ అవ్వలకూ తాతలకూ ఆకలి చిన్నదవుతూ వస్తోంది. గట్టివి వదిలి మెత్తటివి కోరుకుంటారు, తీపి ఇష్టపడతారు. మండుటెండలో కూడా దాహమని అడగరు. మనమే గ్లాసు పట్టుకెళ్లి పక్కన కూర్చోవాలి.