పీతముద్ర దిబ్బ: ఖాళీ గదికి కావలి

పిల్లలూ, ముందు ఒక ప్రశ్న. లోపల ఏమీ లేని గదికి ఎవరైనా కావలి పెడతారా?

"పెట్టరు నాయనమ్మా," అన్నాడు జోయెల్.

"పెట్టారంటే లోపల ఏదో దాచారన్నమాట," అంది కెజియా.

కెజియా అనుమానం బాగుంది. కథ అయ్యేదాకా దాన్ని వదలకుండా పట్టుకుని వినండి. ఈ దిబ్బకు వచ్చే యాత్రికులు కూడా మొదట అడిగేది ఇదే కాబట్టి, మీకు చెబుతున్నట్టుగానే వారికోసం ఇక్కడ రాస్తున్నాను.

సముద్రానికి దగ్గరలో, ఉప్పు మళ్ళ మధ్య, పాతకొటారు అనే పల్లె ఉంది. ఆ పల్లెకు తూర్పున ఉన్న ఇసుక మెరకే పీతముద్ర దిబ్బ. దిబ్బ మీద చిన్న పెంకుటి ప్రార్థన మందిరం, దాని పక్కన రెండు మట్టి సమాధులు, వాటికి ఎదురుగా నాపరాళ్ళతో కట్టిన ఒక గది ఉన్నాయి. గది లోపల ఏమీ ఉండదు. మంచి శుక్రవారం సాయంత్రం ఆ గది వాకిలికి రాతిపలక అడ్డం పెట్టి, అంచున తడి బంకమట్టి మెత్తి, దాని మీద పీత బొమ్మ ఉన్న చెక్కముద్ర ఒత్తుతారు. ఆ ముద్ర వేసేది మందిరంలో బోధించే అయ్యగారు కాదు, సంఘపెద్దలు కాదు. ఆ ఏడు పల్లెలో ఎవరికి అనుమానం ఎక్కువగా ఉందో వారి చేతికే ముద్రపలక ఇస్తారు. ఆదివారం తెల్లవారేదాకా వారే అక్కడ కావలి ఉండాలి.

"మూసేటప్పుడే ఖాళీ కదా! తెరిచాక ఖాళీగా ఉంటే అందులో వింతేముంది?" అంది కెజియా.

వింతేమీ లేదు. అది వింత చూపించడానికి పెట్టిన ఆచారం కాదు. ఎందుకు పెట్టారో విను.

పూర్వం ఇక్కడ మందిరం లేదు, సమాధులూ లేవు. దిబ్బ మీద ఒక మంచె మాత్రం ఉండేది. ఆ మంచె నాంచారమ్మది. ఉప్పు రాశులకు ఆమె కావలి. మళ్ళ యజమాని గుర్తు పీత. సాయంత్రం పూట రాశి చుట్టూ తడి మట్టి మెత్తి, పీత ముద్రపలకతో ఒత్తి, తాటాకు కప్పేది. తెల్లవారి ముద్ర చెదిరి ఉంటే దొంగ పడ్డట్టు. భర్త పోయాక ఆ పలక చేతపట్టుకునే కూతురు రావులమ్మను పెంచింది. ఎవరినీ నమ్మకపోవడమే ఆమె పని, ఆ పనే ఆమెకు కూడు పెట్టింది.

ఆ రోజుల్లో జెకర్యా అనే ఉపదేశి పై ఊళ్ళ నుంచి కాలినడకన వచ్చి, ఉప్పు పనివాళ్ళకు వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. కట్ట దాటిన ప్రతిసారీ నాంచారమ్మ అతన్ని ఆపి సంచి వెతికేది. ఒక పుస్తకం, ఒక పంచె, ఒక చెంబు. ఉప్పు కల్లు ఒక్కటి కూడా దొరికేది కాదు. దొరకనకొద్దీ ఆమె అనుమానం పెరిగేది.

"ఇంతకీ మా వాళ్ళకేం చెబుతున్నావు?" అని ఒకనాడు అడిగింది.

పరుల తప్పును తన మీద వేసుకుని, బొచ్చు కత్తిరించేవాళ్ళ ముందు గొర్రెలా నోరెత్తకుండా చనిపోయేవాడు ఒకడు వస్తాడని ప్రవక్తలు ఎంతో ముందే చెప్పారని, ఆ వచ్చినవాడే యేసయ్య అని, మూడో రోజున ఆయన లేచాడని జెకర్యా చెప్పాడు.

"జరిగిపోయాక రాసుకుని, ముందే చెప్పామంటున్నారేమో?"

"ఆయన్ని ఒప్పుకోని యూదులు కూడా ఆ ప్రవచనాల్ని అంతకుముందు నుంచే తమ పుస్తకాల్లో దాచుకున్నారు పెద్దమ్మా. మన ముద్ర గిట్టనివాళ్ళ ఉప్పు కొటారులో దొరికితే, అది మనం వెళ్ళి వేసి వచ్చామంటారా?"

"మాటలు బాగానే నేర్చావు. మాటలు నేర్చినవాడి సంచే ముందు వెతకాలి," అని ఆమె సంచి మళ్ళీ తిరగేసింది. అతను నవ్వుతూ నిలబడ్డాడు. కొద్ది రోజులకు రావులమ్మ కూడా ఆ ప్రార్థనకు పోతోందని తెలిసి, తన ఇంట్లోనే దొంగ పడ్డాడని నాంచారమ్మ పల్లెంతా చాటింది.

ఈస్టరుకు ముందు గురువారం నాడు అకాల తుఫాను వచ్చింది. పోటు నీరు కాలువలోకి ఎగదన్నింది. తూము తలుపు దించకపోతే రాశులన్నీ కరిగిపోతాయని రావులమ్మ కాలువలోకి దిగింది. ఆమె కాలు తలుపు కింద ఇరుక్కుంది. నాంచారమ్మ ఒడ్డున నిలబడి కేకలు పెట్టింది గాని, ఆమెకు ఈత రాదు. అప్పుడే కట్ట మీద వస్తున్న జెకర్యా తన సంచిని ఆమె చేతికిచ్చి నీళ్ళలోకి దూకాడు. తలుపును భుజంతో ఎత్తి పట్టుకున్నాడు. రావులమ్మ కాలు లాక్కుని ఒడ్డెక్కింది. తలుపు అతని మీదే విరిగి పడింది.

మర్నాడు నీరు తీశాక శవం దొరికింది. అతని మాట విన్న నాలుగు కుటుంబాలవాళ్ళు దిబ్బ మీద పూడ్చిపెట్టారు.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. కూతురి ప్రాణం దక్కినందుకు నాంచారమ్మ మనసు కరిగిపోయిందనుకుంటున్నారా? లేదు. "ఊరికే ఎవడూ చావడు. దీని వెనక ఏదో ఉంది," అంది. దొంగ అని తాను పిలిచినవాడు దొంగ కాకపోతే ఆమె ఇక తలెత్తుకోవడం ఎలా? మూడో రోజున లేవడం గురించి వాళ్ళు చెప్పుకునేది ఆమె విని ఉంది. శవాన్ని మాయం చేసి, లేచాడని పుకారు పుట్టించి, దిబ్బ సొంతం చేసుకుంటారని ఆమె అనుమానం. కొత్త సమాధి చుట్టూ తడి మట్టి మెత్తి పీతముద్ర వేసింది. పక్కనే కూర్చుంది. రెండు రాత్రులు రెప్ప వేయలేదు.

ఎవరూ రాలేదు. ఆదివారం తెల్లవారాక రావులమ్మ అంబలి ముంత తీసుకుని కుంటుకుంటూ వచ్చింది. వెనకే ఆ నాలుగు కుటుంబాలవాళ్ళు.

నాంచారమ్మ ముందు ముద్ర చూసుకుంది. చెదరలేదు. "ఎత్తుకుపోలేదేం?" అని వాళ్ళనే నిలదీసింది.

"ఈయన్ని ఎందుకు ఎత్తుకుపోతామమ్మా?" అంది రావులమ్మ. "లేచింది ఈయన కాదు, ఈయన కొలిచిన యేసయ్య. ఆయన సమాధికీ రాయి అడ్డం పెట్టి, నీలాగే ముద్ర వేసి కావలి పెట్టారు. అయినా మూడో రోజున రాయి తీసి ఉంది, లోపల శవం లేదు."

"ముద్ర వేశారా?" తన పని మాట వినగానే నాంచారమ్మ కూతురిచ్చిన ముంత కింద పెట్టింది. "మరి శవం పోయిందంటే కావలివాళ్ళు ఏం చెప్పారు?"

"మేం నిద్రపోతుంటే శిష్యులొచ్చి ఎత్తుకుపోయారన్నారు."

నాంచారమ్మ పెద్దగా నవ్వింది. "మన పడమటి మళ్ళ కావలివాడు ఇదే కూశాడే! నిద్రలో ఉన్నాను, ఫలానావాడు ఉప్పు ఎత్తుకుపోయాడు అని. నిద్రలో ఉంటే ఎవడో నీకెలా తెలిసిందిరా అని నేనే పట్టుకున్నాను. ఇది ఎవరో నేర్పి చెప్పించిన అబద్ధం."

అంతలో నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆ రాయి ఎవరు తీశారే?" అంది, కూతురి వైపు చూడకుండా.

ఆమె వంగి, జెకర్యా సమాధి మీది ముద్రను అరచేత్తో తానే చెరిపింది.

ఆనాడు ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. కొన్నేళ్ళు ప్రార్థనలో వెనక వరసలో కూర్చుని, అయ్యగార్లను ప్రశ్నలతో సతాయించి, ఆ తర్వాతే తీసుకుంది. యేసయ్య ఖాళీ సమాధికి గుర్తుగా ఈ రాతిగది ఆమె కట్టించిందే. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి, కావలి కూర్చుని, తనను తొలిచిన ప్రశ్న తమనూ తొలిచేదాకా ఆలోచించాలని ఆమె కోరిక. చనిపోయేముందు, "నా సమాధి మీద మన ముద్ర వేయండి. లేపేవాడు వచ్చిన రోజున నేను లేచి ముందు అదే చూసుకుంటాను, తెగిందో లేదో," అంది. అందుకే వానకు కరిగిన ఆ ముద్రను ఏటా కొత్తగా వేస్తారు. జెకర్యా సమాధికి మాత్రం వేయరు. "ఆయన్ని మా అమ్మ వెతికింది చాలు," అని రావులమ్మ అడ్డుపడిందట.

ఈనాటికీ చేయని తప్పుకు నింద పడ్డవాళ్ళు, ఒకరినొకరు నమ్మలేని ఆలుమగలు, అన్నదమ్ములు ఇక్కడికి గుప్పెడు ఉప్పు తెచ్చి, అందులో చిటికెడు ఒకే అంబలిలో కలుపుకుని తాగుతారు. ఇంటికి వెళ్ళేసరికి మాటలు కలుస్తాయని విశ్వాసం. కావలి కూర్చున్నవాళ్ళ అనుమానాన్ని మాత్రం ఎవరూ తొందరపెట్టరు. ఆదివారం వారే ముద్ర పగలగొట్టి, లోపలికి చూసి, ఆనాడు యేసయ్య సమాధి దగ్గర దూత చెప్పినట్టే "ఇక్కడ లేడు" అని చెబుతారు. అప్పుడు గంట కొడతారు.

కథ అయిపోయింది. జోయెల్ ఆవలిస్తున్నాడు. కెజియా మాత్రం కళ్ళు చిట్లించి చూస్తోంది.

"యేసయ్య సమాధి కావలివాళ్ళు నిజంగా అబద్ధమే ఆడారని నాకెలా తెలుస్తుంది నాయనమ్మా?"

ఈ ఏడు ముద్రపలక ఎవరికివ్వాలా అని పెద్దలు నన్ను అడుగుతున్నారు తల్లీ. నీ పేరు చెబుతాను. జంపఖానా, మంచినీళ్ళు సర్దుకో.

ఇక నన్ను లేవనివ్వండి. బంకమట్టి సగమే జల్లించాను. అందులో ఒక్క గులకరాయి మిగిలినా ముద్ర చీలుతుంది. చీలిందంటే మొదట నన్ను అనుమానించేది నువ్వే.