ఏనుగుకు బెల్లం

మాట జారితే ప్రాణం పోయే రాజ్యం ఒకటుండేది. "చేసినవాడు లేకుండా ఏదీ ఉండదు, కాబట్టి దేవుడున్నాడు" అని ఆస్థాన పండితుడు సోమయాజి తేల్చేశాడు. ఆ మాట కాదన్నది ఎవరైనా సరే, ఏనుగుతో తొక్కించమన్నాడు రాజు.

"మరి దేవుణ్ణి ఎవరు చేశారో?" అని సంతలో నోరు జారింది గంపలల్లే నూకాలు. భటులు ఈడ్చుకొచ్చారు.

చావబోయేవాళ్ళే ఏనుగుకి బెల్లం తినిపించాలని అక్కడి ఆచారం. ఎదురుగా ఏనుగు ఘీంకరిస్తుంటే నూకాలు చేతిలో బెల్లం చెమటకి కరిగింది.

"ఒప్పుకుంటా సామీ, అన్నిటికీ చేసినవాడుంటాడు. చచ్చేముందు దేవుణ్ణి చేసినాయనకీ దణ్ణం పెట్టుకుంటా, పేరు చెప్పండి."

"మూర్ఖురాలా! ఆయన్ని ఎవరూ చేయలేదు!" అని గర్జించాడు సోమయాజి.

రాజు మెల్లగా పండితుడి వైపు తిరిగాడు.

నూకాలు బెల్లం ముద్ద ముందుకు చాచింది.

"పంతులుగారూ, ఇది ఇప్పుడు ఎవరు తినిపించాలి?"