నలభై కిలోమీటర్ల బండి

రేగుపాడులో తెలివైనవాళ్ళు ఎవరర్రా అని అడిగితే ఒక్క ఇంటివాళ్ళే చెయ్యెత్తుతారు. మిగతా ఊరంతా నోరు మూసుకుని నవ్వుకుంటుంది, అది వేరే సంగతి. ఆ ఇంట్లో తల్లి గంగరత్నం, ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దాడు వీర్రాఘవులు, నడిపాడు పుల్లేశ్వర్రావు, చిన్నాడు నాగముని. ముగ్గురికీ మీసాలొచ్చాయి గానీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకంటే మా అబ్బాయిలకి తగ్గ తెలివైన పిల్ల ఈ చుట్టుపక్కల పుట్టలేదంటుంది గంగరత్నం. నేను ఆడిపోసుకోవడం లేదు సుమండీ, ఉన్నమాటే చెప్తున్నా.

ఓసారి పక్కింటి సూరమ్మ ఊరెళ్తూ, "వదినా, మా ఇంటిమీద ఓ కన్నేసి ఉంచు" అంది. ఇంకేముంది! నలుగురూ అరుగుమీద వరసగా కూర్చుని, తలో కన్నూ చేత్తో మూసుకుని, రెండో కంటితో సూరమ్మ ఇల్లే చూస్తూ కూర్చున్నారు. దొంగవెధవ వచ్చి బిందెలన్నీ పట్టుకుపోతుంటే వాణ్ణి కూడా చూశారు. సూరమ్మ వచ్చి లబోదిబోమంటే, "కన్ను తియ్యలేదమ్మా, ఒట్టు! వాడి చొక్కా రంగు కూడా చెప్తాం" అన్నారు. అదీ ఆ ఇంటి తెలివి.

సరే, గంగరత్నం చేతి చేగోడీలకి మాత్రం తిరుగులేదు. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. ప్రతి మంగళవారం కోటిపాలెం సంతలో, గోడ నీడపట్టున ఆవిడ జాగా. ముప్పై ఏళ్ళ జాగా అది. నలుగురి పొట్టా ఆ జాగామీదే గడుస్తుంది. సంతకి ఆరు కిలోమీటర్లు, ఆ దారిలో బస్సుల్లేవు, ఆటోలు రావు. పాపం, ఆవిడకి మోకాళ్ళు పట్టేసి రెండు వారాలనించి సంతకి పోలేకపోయింది. 

సంత పెత్తనం ధర్మారాయుడు గారిది. ఆయన తెల్లారగానే మైకు పట్టుకుని జాగాలున్నవాళ్ళ పేర్లు చదువుతాడు. పేరున్న మనిషే రావాలి, కొడుకులొస్తే కుదరదు. వరసగా మూడు మంగళవారాలు రాకపోతే జాగా ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు. ఇప్పటికి రెండు అయ్యాయి. ఆ జాగా కోసం మరమరాల మండోదరి నోరు తెరుచుకుని కూర్చుంది. ఈ మంగళవారం గనక పోకపోతే అంతే సంగతులు.

"కరెంటు బండి కొందామే అమ్మా" అన్నాడు వీర్రాఘవులు. "నువ్వు వెనకాల కూర్చోవడమే, నీ కాలు నేలమీద పడదు."

"కొత్తదా, పాతదా?" అంది గంగరత్నం. కొత్తదైతే టౌనులో షాపుంది. పాతదైతే ఊళ్ళోనే డ్రాయింగు మాస్టారు సోమలింగం గారు రెండేళ్ళు నడిపిన బండి అమ్మేస్తున్నారు. "తొందరపడకండర్రా. పదిమందినీ అడిగి, రెండూ చూసి, అప్పుడు కొనండి."

అంతే, ముగ్గురూ వీధిలో పడ్డారు. తొమ్మిదిమంది దొరికారు. పదో మనిషి కోసం చూస్తే, రచ్చ దగ్గర బల్లమీద పేకేటి అప్పారావు నిద్రపోతున్నాడు. లేపితే తిడతాడని వాడు లేచేదాకా రెండు గంటలు చుట్టూ కూర్చుని ఈగలు తోలారు. అప్పారావు లేచి, "పాతదే కొనండి, నన్ను వదలండి" అన్నాడు. దాంతో కొత్తదన్నవాళ్ళు అయిదుగురు, పాతదన్నవాళ్ళు అయిదుగురు అయ్యారు. బండ్లు బాగుచేసే మస్తాను అటుగా పోతూ, "ఒరేయ్, నే చెప్తా వినండి, బ్యాటరీ..." అన్నాడో లేదో, ముగ్గురూ చెవులు మూసుకుని పరిగెత్తారు.

"పదిమందే! నువ్వు పదకొండోవాడివి!" అని అరిచాడు నాగముని.

పాపం, విషయం తెలిసినవాడు ఆ ఊళ్ళో వాడొక్కడే. 

మర్నాడు టౌను షాపుకి పోయారు. మెళ్ళో టై కట్టుకున్నాయన ఎదురొచ్చి, నీలం రంగు బండి చూపించాడు. "రండి సార్. దీన్ని కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు!"

ఇంకేముంది, ముగ్గురూ కళ్ళు మూసేసుకున్నారు. చేతులు చాచి తడుముకుంటూ బయల్దేరారు. వీర్రాఘవులు పోయిపోయి ఓ పెద్దావిడ చేతిసంచి పట్టుకుని లాగాడు. పుల్లేశ్వర్రావు నీళ్ళ డబ్బా మీద కాలేసి కూర్చుని, "ఎత్తు బాగానే ఉందన్నయ్యా, మెత్త లేదు" అన్నాడు. నాగముని టై ఆయన పొట్టని రెండు చేతులా పట్టుకుని, "నాకు దొరికింది! ముందు చక్రం మాత్రం కొంచెం ఉబ్బింది" అని కేకేశాడు.

ఆయన ఎలాగో వదిలించుకుని, చెమట తుడుచుకుని, "దీనికి మూడేళ్ళు గ్యారంటీ సార్. మూడేళ్ళలో ఏమైనా అయితే మేం చూసుకుంటాం" అన్నాడు.

"ఏదైనా?" అన్నాడు వీర్రాఘవులు.

"ఏదైనా సార్."

"మా గేదె చూడిది. ఈ కార్తీకంలో ఈనుతుంది. మీరే వస్తారా, మనిషిని పంపిస్తారా?"

ఆయన మెళ్ళో టై వదులు చేసుకున్నాడు. మళ్ళీ గొంతు సవరించుకుని, "ఒక్కసారి ఛార్జింగు పెడితే వంద కిలోమీటర్లు వెళ్తుంది సార్" అన్నాడు.

ఆ మాట వినగానే ముగ్గురి మొహాలూ తెల్లబోయాయి. పక్కకెళ్ళి గుసగుసలాడుకున్నారు. వంద కిలోమీటర్లు వెళ్తుందట! సంత చూస్తే ఆరు కిలోమీటర్లు. ఈ లెక్కన సంత దాటిపోయి ఇంకా తొంభై నాలుగు పోతుంది. అమ్మని ఏ ఊరికి ఎత్తుకుపోతుందో ఏమో!

"అమ్మో, అమ్మకి ఆ ఊళ్ళో ఎవరూ తెలీదన్నయ్యా" అని నాగముని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మా అమ్మ మీకేం అపకారం చేసిందండీ?" అని పుల్లేశ్వర్రావు టై ఆయన్ని నిలదీశాడు. ఆయన షాపు తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, దణ్ణం పెట్టి పంపించేశాడు.

సరాసరి సోమలింగం మాస్టారింటికి పోయారు. ఆయన నిజాయితీ మనిషి. "పాత బండి నాయనా, బ్యాటరీ నీరసించింది. మొదట్లో వంద వెళ్ళేది. ఇప్పుడు నలభై వెళ్ళి ఆగిపోతుంది" అన్నాడు. 

"ఆగిపోతుందా!" అని ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఆగే బండి దొరికింది! పైగా తొంభై నాలుగు ఎక్కడ, ముప్పై నాలుగు ఎక్కడ! బేరం కూడా ఆడకుండా కొనేశారు. మాస్టారు తాళంచెవి ఇస్తూ, "దీన్ని కన్నబిడ్డలా చూసుకున్నాను. మీరూ అలాగే చూసుకోండి. ఈ బండి వెంట ఉంటే మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి అనే మాటే ఉండదు" అన్నాడు.

ఇంటికి తేగానే గంగరత్నం దానికి దిష్టి తీసి, కాటుక చుక్క పెట్టింది. ఆదివారం నాడంతా ఛార్జింగు పెట్టారు. సోమవారం పొద్దున్నే వీర్రాఘవులు సభ తీర్చాడు.

"ఇప్పుడిందులో నలభై ఉన్నాయి. మనకి కావల్సినవి ఆరు. మిగతా ముప్పై నాలుగూ ఇవాళే ఊళ్ళో తిప్పి పారబోశామనుకో, రేపు సరిగ్గా సంత దగ్గర ఆగుతుంది. అమ్మ హాయిగా దిగుతుంది."

"నా బంగారు తండ్రి!" అని గంగరత్నం వాడి బుగ్గలు నిమిరింది. తిరిగి రావడం సంగతేమిటని అడిగే పాపాత్ముడు ఆ ఇంట్లో లేడు.

ఊరిచుట్టూ ఒక చుట్టు కిలోమీటరు. నాగముని బండెక్కాడు. చుట్టు పూర్తవగానే గంగరత్నం పళ్ళెంలో ఒక చేగోడీ వెయ్యాలి, ముప్పై నాలుగు చేగోడీలు పడగానే ఆపెయ్యాలి. పళ్ళేనికి కాపలా పుల్లేశ్వర్రావు. వాడు కాపలా బాగానే కాశాడు. కాకి రాలేదు, కుక్క రాలేదు. వాడే తిన్నాడు. ఆవిడ ఒకటి వేస్తుంది, వాడొకటి నములుతాడు.

"ఎన్నయ్యాయన్నయ్యా?" అని అరిచాడు నాగముని, పదో చుట్టులో.

పుల్లేశ్వర్రావు పళ్ళెంలోకి చూసి, "రెండు" అన్నాడు.

"ఎన్నయ్యాయన్నయ్యా?" అన్నాడు ముప్పయ్యో చుట్టులో.

"ఒకటి. తగ్గుతున్నాయిరా తమ్ముడూ, వెనక్కి తిరుగుతున్నావేమో చూసుకో!"

అంతే, నాగముని కంగారుపడి ఇంకా జోరుగా తిప్పాడు. తిప్పగా తిప్పగా బండి కుయ్యిమని మూలిగి, సూరమ్మ గుమ్మం ముందు ఆగిపోయింది. తాళం తిప్పినా లేదు, బతిమాలినా లేదు.

మస్తాను పరిగెత్తుకొచ్చాడు. "ఏం కాలేదర్రా, ఛార్జింగు అయిపోయింది. లోపల పెట్టండి, సాయంత్రానికి నిండిపోతుంది. రేపు పొద్దున్న అమ్మని తీసుకుపోవచ్చు."

వీర్రాఘవులు జాలిగా నవ్వాడు. "నింపితే మళ్ళీ నలభై అవుతుంది మస్తానూ. పొద్దుట్నించీ మేం పడ్డ కష్టమంతా గంగలో కలిసిపోదూ?"

మస్తాను తల పట్టుకుని అక్కణ్ణించి వెళ్ళిపోయాడు. 

మరి సంతకి ఎలా? నడిచే పోవాలి. నడిస్తే గంగరత్నానికి రోజంతా పడుతుంది, కాబట్టి ఇవాళే బయల్దేరాలి. బండిని మాత్రం ఇంట్లో వదలడానికి వీల్లేదు. వెంట ఉంటేనే కదా నొప్పి ఉండదని మాస్టారు చెప్పింది! పైగా కన్నబిడ్డాయె. నీరసంగా ఉన్న బిడ్డని నేలమీద ఈడ్చుకుపోతామా? నులకమంచం తెచ్చి, బండిని దానిమీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ముగ్గురూ మోస్తూ బయల్దేరారు. వెనకాల నెత్తిమీద చేగోడీల బుట్టతో, కుంటుకుంటూ గంగరత్నం.

"ఒరేయ్, మోకాళ్ళ నొ..." అంది కాలవగట్టు దగ్గర.

"అమ్మా! ఆ మాట ఉండకూడదు!" అని ముగ్గురూ ఒక్కసారి కసిరారు.

పాపం, ఆవిడ పళ్ళ బిగువున ఇంకో కిలోమీటరు నడిచింది. "ఒరేయ్ నాయనా, అదిరా... అది వస్తోంది" అంది.

"ఏది?"

"పేరు చెప్పకూడనిది."

నాగముని వెనక్కి తిరిగి చూసి, దెయ్యమనుకుని, మంచం వదిలేసి పరుగందుకున్నాడు. బండి దొర్లి కాలవలో పడింది. దాన్ని తీసి, తల తుడిచి, జలుబు చేస్తుందని గంగరత్నం తన పైట చెంగు చుట్టేసరికి పొద్దు వాలింది. ఆ కుంటికాలితోనే ఆవిడ ఆరు కిలోమీటర్లూ నడిచింది. ఎందుకనుకున్నారు? జాగా పోతే కొడుకులకి అన్నం ఉండదని. నవ్వండి, నవ్వండి, నేనూ నవ్వుతూనే చెప్తున్నా, కానీ ఆ ముసల్దాన్ని తలుచుకుంటే నా నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఎలాగైతేనేం, సోమవారం చీకటిపడే వేళకి సంతకి చేరారు. గోడ పక్కన, సొంత జాగాలోనే చాప పరిచి పడుకున్నారు. తెల్లారి లేచేసరికి చుట్టూ జనం, బుట్టలు, కూరగాయలు, కోళ్ళు. గంగరత్నం మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, చేగోడీలు సర్దుకుని దర్జాగా కూర్చుంది. అవతల మండోదరి మొహం మాడిపోయింది.

అప్పుడు మైకు గరగరలాడింది. ధర్మారాయుడు గారు సంతకి ఆ చివరన, పుస్తకంలో తల దూర్చి పేర్లు చదువుతున్నాడు. "తాడి నూకాలు ఇవాళ వచ్చిందా?" "వచ్చానండీ!" "కుండల పోతురాజు వచ్చాడా?" "వచ్చానండీ!"

"చేగోడీల గంగరత్నం! ఇవాళ వచ్చిందా?"

గంగరత్నం నోరు తెరిచింది. వీర్రాఘవులు చటుక్కున ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఆగు. మనం వచ్చింది నిన్న కదే!"

"అవునురోయ్" అంది గంగరత్నం. "పొద్దున్నే అబద్ధం ఆడితే కళ్ళు పోతాయి."

అంతే, నలుగురూ గొంతు కలిపి, సంతంతా దద్దరిల్లేలా, "ఇవాళ రాలేదండీ!" అని అరిచారు.

"మూడో వారం. కొట్టేశా" అంది మైకు. "జాగా మండోదరికి."

మండోదరి రెండంగల్లో వచ్చి, మరమరాల మూట దబ్బున దింపి, "లెండి, లెండి" అంది. గంగరత్నం ఘొల్లుమంది. ముప్పై ఏళ్ళ జాగా! గుండె బాదుకుంది. ముగ్గురు కొడుకులూ కూడా ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, వీర్రాఘవులు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"ఏడవకే అమ్మా! నిన్న రావడం వల్లే కదా ఈ గొడవంతా? ఇవాళింకా అయిపోలేదు. ఇంటికెళ్ళి, మళ్ళీ ఇవాళే వచ్చేద్దాం!"

"నా కొడుకు బుర్రే బుర్ర!" అని గంగరత్నం కళ్ళు తుడుచుకుంది. చేగోడీలు మళ్ళీ బుట్టకెత్తారు, బండిని మంచానికెత్తారు. ఆరు కిలోమీటర్లు ఇంటికి ఉరికారు. నడవలేని గంగరత్నాన్ని కూడా ఈసారి మంచమెక్కించారు, బండి పక్కనే. గుమ్మం తాకి, సూరమ్మ చూస్తుండగానే వెనక్కి తిరిగి, ఆరు కిలోమీటర్లు మళ్ళీ సంతకి ఉరికారు.

వచ్చేసరికి పొద్దుగూకింది. సంత లేదు, జనం లేరు, ధర్మారాయుడు గారు ఇంట్లో పెరుగన్నం తింటున్నాడు. అయినా ఫరవాలేదంటూ నాగముని అరుగెక్కి, మైకు లేకపోతే చెంబు నోటికి అడ్డం పెట్టుకుని, "చేగోడీల గంగరత్నం ఇవాళ వచ్చిందా?" అని కేకేశాడు.

"వచ్చిందండీ!" అన్నారు మిగతా ముగ్గురూ.

కాదన్నవాడు ఒక్కడూ లేడు. గంగరత్నం గోడ పక్కన చాప పరిచి, జాగా దక్కిందని దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేగోడీలు సర్ది బేరాల కోసం కూర్చుంది.