దొరగారి పడవకు సైలెన్సరు

మోటారు పడవలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక దొర పడవ కొన్నాడు. ఒక్క పడవే గాని, దాని చప్పుడు ఏడూళ్లకు సరిపోయేది. అది ఏట్లో తిరగడం మొదలెట్టాక చేపలు బెదిరి అడుక్కి దిగిపోయాయి. జాలరి బైరాగి వల రోజూ ఖాళీగానే పైకొస్తోంది. చేపలు పట్టడం తప్ప మరేదీ రాని బైరాగికి ఇప్పుడు అదీ రాదని పెళ్లామే ఊరంతా చెప్పుకొస్తోంది.

"పొగగొట్టానికి సైలెన్సరు పెట్టించండి దొరా," అని వేడుకున్నాడు.

"చప్పుడు లేకపోతే నేనొస్తున్నానని జనానికి ఎలా తెలుస్తుందిరా?"

బైరాగి తల గోక్కున్నాడు. "నిజమే బాబూ. తమరి సొంత మడుగులో దొంగవల వేసేవాడికి కూడా తెలియాలి గదా. నాకా కుంటికాలు, ఆయాసం, పైగా పిరికితనం. ఇలాంటి నేను దొంగతనానికి దిగినా, ఆ చప్పుడు విని వల సర్దుకుని, చుట్ట ముట్టించుకుని, నింపాదిగా ఇంటికి పోవచ్చు."

దొర వెంటనే సైలెన్సరు పెట్టించాడు. దొంగల కోసం సడి లేకుండా ఏరంతా గాలించాడు. ఒక్కడూ దొరకలేదు.

"చూశావా, నేనంటే భయంతో అందరూ మానుకున్నారు," అన్నాడు మీసం దువ్వుతూ.

"మానుకోరూ మరి," అన్నాడు బైరాగి, నిండిన వల బరువుకు వంగిపోతూ. "నాకే కాళ్లు వణుకుతున్నాయి బాబూ."